మునిగి తేలిన బొమ్మపడవ

పోయిన నెల బరంపురం నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "అన్నయ్యగారికి నమస్కారములు" అని మొదలుపెట్టి, రెండు పుటల నిండా ఇంటి సంగతులు చెప్పి, చివరికి అసలు విషయానికి వచ్చారు. వారి అబ్బాయికి పదకొండేళ్ళు. పుట్టినరోజు డబ్బూ, సంక్రాంతికి అమ్మమ్మ చేతిలో పెట్టిన డబ్బూ రెండేళ్ళపాటు కూడబెట్టుకొని, రిమోటుతో నడిచే పడవను కొనుక్కొన్నాడట. ఒక ఆదివారంనాడు అందరూ కలిసి చిలికా సరస్సు చూడటానికి రంభకు వెళ్ళారు. పడవ ఒడ్డు విడిచి ఇరవై ముప్ఫై గజాలు చక్కగా పోయింది. తరువాత నెమ్మదించి, ఒక పక్కకు ఒరిగి, చూస్తూ ఉండగానే మునిగిపోయింది. పిల్లవాడు కేకపెట్టి మొలలోతు నీళ్ళదాకా దిగిపోయాడు. దగ్గరలో వలలు సర్దుకొంటున్నవారు అతన్ని గదమాయించి ఒడ్డెక్కించి, తామే వెతికి పడవను తెచ్చి ఇచ్చారు.

"ఇప్పుడు పడవను మేడమీద ఎండలో పెట్టాము. దాని బ్యాటరీని మాత్రం వంటింట్లో పొయ్యిగట్టు మీద పెట్టాను. అక్కడ వెచ్చగా ఉంటుంది కనుక తొందరగా ఆరుతుందని. నాలుగు రోజులయింది. ఇక ఛార్జింగు పెట్టవచ్చునా? లేక పడవనంతా పారవేయవలసిందేనా? వాడు అన్నం సరిగా తినడం లేదు" అని ముగించారు.

మామూలుగా ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలకు సమాధానం పత్రికలోనే ఇస్తూ ఉంటాము. ఆ పొయ్యిగట్టు మాట చదివిన తరువాత మాత్రం పత్రిక అచ్చయ్యేదాకా ఆగలేకపోయాము. ఉత్తరం చివర ఫోను నంబరు ఉన్నది. వెంటనే పిలిచి, "అమ్మా, ముందు ఆ బ్యాటరీని వంటింట్లోనుంచి బయటికి తీసి పెట్టి రండి. తరువాత తీరికగా మాట్లాడుకొందాము" అన్నాము. ఆమె గాభరాపడి ఫోను పట్టుకొనే పరుగెత్తారు.

ఎందుకంత తొందరపెట్టామో పాఠకులందరికీ చెప్పవలసి ఉన్నది. ఈనాడు ఇట్లాంటి పడవలలో వచ్చే బ్యాటరీ చాలావరకు లిథియం రకానిది. కొన్నిటిలో అది గుండ్రని గొట్టంలాగా ఉంటుంది. కొన్నిటిలో వెండిరంగు రేకుసంచిలో కట్టిన మెత్తని పొట్లంలాగా ఉంటుంది. ఒక్కొక్క సెల్లు 3.7 వోల్టులు. నిండుగా ఛార్జి అయినప్పుడు 4.2 వోల్టులు. చిన్న వస్తువే అయినా అందులో దాగిన శక్తి చాలా ఎక్కువ, లోపల ఉన్న ద్రవం అంటుకొనే స్వభావం గలది. ఉప్పునీరు తగిలినప్పుడు రెండు కొసల మధ్యా దారి ఏర్పడి, విద్యుత్తు అడ్డదారిన పోవడం మొదలవుతుంది. నీరు ఆరిపోయినా ఉప్పు అక్కడే ఉంటుంది. లోపల ఎక్కడో దెబ్బతిన్న సెల్లు పైకి బాగానే కనిపిస్తూ, ఒకనాడు వేడెక్కుతుంది. ఆ వేడే ఇంకా వేడిని పుట్టిస్తుంది. ఇక అది మండితే చెంబెడు నీళ్ళకు ఆగేది కాదు. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రాన్ని ఇయన్ అనే తుపాను కొట్టినప్పుడు సముద్రపు నీళ్ళలో మునిగిన విద్యుత్ కార్లు కొన్ని, నీరు తీసిన చాలా రోజులకు, ఇళ్ళముందు నిలిపి ఉండగానే అంటుకొన్నాయి. కారు బ్యాటరీ పెద్దది, పడవ బ్యాటరీ చిన్నది. జాతి మాత్రం ఒక్కటే.

కాబట్టి ఉప్పునీట మునిగిన లిథియం బ్యాటరీ విషయంలో మా మాట ఒక్కటే. దానిమీద ఆశ వదులుకోవలెను. ఆరబెట్టడం, ఛార్జింగు పెట్టి చూడటం, "ఒక్కసారికి ఏమవుతుందిలే" అనుకోవడం పనికిరావు. తీగల కొసలకు విడివిడిగా ఇన్సులేషన్ టేపు చుట్టి, ఇంటి బయట, వాన తగలని చోట, పిల్లలకు అందకుండా, మట్టికుండలో పొడి ఇసుక పోసి అందులో ఉంచండి. పూరీలాగా ఉబ్బినా, వింతవాసన వచ్చినా, చేతికి వెచ్చగా తగిలినా దానిని పదేపదే ముట్టుకోకండి. చెత్తబండిలో వేయవద్దు. బండిలో నలిగితే అక్కడ అంటుకొని, ఆ బండివారి ప్రాణానికి వస్తుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. కనుక కొన్న దుకాణంలోగాని, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకొనే కేంద్రంలోగాని అప్పగించవలెను.

మంచినీళ్ళ చెరువులో ఒక్క నిమిషం మునిగి, ఉబ్బు, వాసన ఏమీ లేని బ్యాటరీ అయితే కొంత ఆలోచించవచ్చును. కొందరు కొన్ని రోజులు బయట ఉంచి, గమనించి, తరువాత సిమెంటు నేలమీద పెట్టి, పక్కనే కూర్చొని ఛార్జి చేస్తారు. మేమైతే చేయము. ఇంటి ఖరీదుతో పోలిస్తే బ్యాటరీ ఖరీదు ఎంత? చవకరకం పడవలలో వచ్చే నికెల్ సెల్లులు, ఒక్కొక్కటి 1.2 వోల్టులవి, ఇంత కోపిష్ఠివి కావు. కడిగి ఆరబెట్టి, కొసల చిలుము తుడిచి వాడుకోవచ్చును. గోడగడియారంలో వేసే మామూలు సెల్లులు తడిస్తే తీసివేయడమే మేలు.

ఇక పడవ సంగతి. ఆ అబ్బాయి పడవను పారవేయనక్కరలేదని ఫోనులోనే చెప్పాము. నీళ్ళలో మునగడంవల్ల చెడిపోయే పడవలకంటె, బయటికి తీసిన తరువాత మన తొందరవల్ల చెడిపోయేవే ఎక్కువ. ఇది మేము పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు.

మా పెద్దన్నయ్య పదవీ విరమణ తరువాత తన చేతులతో ఒక చెక్కపడవను చేశాడు. మూరన్నర పొడవు. పలుచని ప్లైవుడ్డు ముక్కలు కోసి, ఆవిరిపట్టి వంచి, ఆరునెలలు కూర్చొని చేశాడు. లోపలి మోటారు, రేడియో సామాను కొన్నవే. అన్నయ్య పోయిన తరువాత అది మా ఇంటికి వచ్చింది. ఒక వేసవి సాయంకాలం ఊరిబయటి చెరువులో దానిని వదిలాము. గుర్రపుడెక్క తీగ ప్రొపెల్లరుకు చుట్టుకొన్నది. లాగుతూ ఉండగా మూత ఊడి పడవ మునిగింది. పొడవాటి గడకర్రతో ఎట్లాగో పైకి తీశాము. మా మనవడు, "తాతయ్యా, ఒక్కసారి స్విచ్చి వేసి చూద్దామా? పని చేస్తుందో లేదో తెలుస్తుంది కదా" అన్నాడు. వాడు చిన్నవాడు, అడిగాడు. మేము పెద్దవాళ్ళమై ఉండి వేశాము. చుక్కాని రెండుసార్లు వణికింది. సన్నని పొగ వచ్చింది. ఆపివేశాము. ఆపామే కాని, బ్యాటరీ తీగను ఊడదీయాలని తోచలేదు. రాత్రంతా పడవను వరండాలో వదిలివేశాము. తెల్లవారి చూస్తే బ్యాటరీ తగిలించే చోట ఒక ఇత్తడి కాలు పచ్చని చిలుమై సగం కరిగిపోయి ఉన్నది. చెరువు నీళ్ళు చేయలేని నష్టం మా చేతులు చేశాయి.

ఎందుకిట్లా అవుతుందో కొద్దిగా తెలుసుకొంటే, తరువాతి పనులన్నీ వాటంతట అవే తోస్తాయి. పూర్తిగా శుద్ధమైన నీరు విద్యుత్తును దాదాపు పోనివ్వదు. నీటిలో కరిగిన లవణాలే దారి ఇస్తాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. తడి ఉండి, విద్యుత్తు కూడా ఉంటే, ధనధ్రువం వైపున్న రాగి నీటిలోకి కరిగిపోతూ ఉంటుంది. మనం పాఠశాలలో చూచిన పూతవేసే ప్రయోగమే ఇది. కాని ఇక్కడ కరిగేది రిసీవరు పలకమీద వెంట్రుకంత సన్నని రాగిగీత. దానికి నిమిషాలు చాలు. విద్యుత్తు లేకపోతే అదే తడి గంటలకొద్దీ ఉన్నా అంత హాని చేయదు. కాబట్టి మునిగిన పడవ చేతికి రాగానే చేయవలసిన మొదటి పని స్విచ్చి వేయడమూ కాదు, కట్టడమూ కాదు. బ్యాటరీని ఊడదీసి పడవలోనుంచి బయటికి తీయడం.

రెండవది, అది ఏ నీళ్ళలో మునిగిందో చూచుకోవడం. మన పాఠకులున్న ఊళ్ళ నీళ్ళు ఒక్క తీరుగా ఉండవు. చిలికాలో వానకాలంలో దయా, భార్గవీ మొదలైన నదులనుంచి మంచినీరు వచ్చి పడుతుంది, ఎండాకాలంలో సముద్రపు ఉప్పు పైచేయి అవుతుంది. ముంబయి, చెన్నై తీరాలలో ఉండేవారికి చెప్పనక్కరలేదు, అచ్చమైన ఉప్పునీరే. యానాంవారు గౌతమి గోదావరి ఒడ్డున ఉన్నా, సముద్రం దగ్గర కనుక నీటి రుచి చూచుకోవలెను. ఇక బెంగుళూరువారు చెరువు నీరు తియ్యనిదని నమ్మనక్కరలేదు. 2015 మే నెలలో బెళ్ళందూరు చెరువుమీది నురుగు అంటుకొని మండిన వార్త మనమంతా చదివాము. సబ్బూ మురుగూ కలిసిన నీరు ఉప్పునీటికి తమ్ముడే.

ఉప్పునీరు, మురుగునీరు అయితే ఆరబెట్టడానికి ముందు కడగవలెను. ఇది చాలామందికి మింగుడుపడని మాట. "ఇప్పటికే తడిసి చచ్చింది, ఇంకా నీళ్ళు పోయమంటారా?" అని ఆ సోదరి కూడా అడిగారు. పోయమనే అంటాము. ఉప్పుతో సహా ఆరిపోతే, ఆ ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకొంటూ నెలల తరబడి రాగిని తింటూనే ఉంటుంది. బ్యాటరీ తీసివేసిన పడవ సామానును ఇంటికి చేరేదాకా మంచినీళ్ళ డబ్బాలో తడిగానే ఉంచుకొన్నా తప్పులేదు, ఉప్పుతో ఆరనివ్వడంకంటె అదే నయం. ఇంటికి వచ్చిన తరువాత రెండు మూడు నీళ్ళు మార్చి కడగండి. మన బోరునీళ్ళు చాలాచోట్ల సున్నపునీళ్ళే, ఆరితే తెల్లని చారలు మిగులుతాయి. కనుక చివరి కడుగుడుకు ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డు వాటరు ఒక సీసా కొనితెచ్చుకోవడం మంచిది.

తరువాత విప్పడం. పడవలో ముఖ్యమైన సామాను నాలుగే. రిమోటునుంచి వచ్చే సంకేతాన్ని అందుకొనే రిసీవరు, చుక్కానిని తిప్పే సర్వో, మోటారుకు ఎంత విద్యుత్తు పోవలెనో చూచే స్పీడు కంట్రోలరు, మోటారు. విప్పేముందు ఏ తీగ ఎక్కడిదో ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. ఇప్పటివారికి ఉన్న సౌకర్యం ఇది. మేము కాగితంమీద బొమ్మ వేసుకొనేవాళ్ళము, ఆ కాగితం పోయేది. రిసీవరు డబ్బాను గోటితోనో సన్నని స్క్రూడ్రైవరుతోనో తెరిస్తే లోపల చిన్న పచ్చపలక ఉంటుంది. దానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని పళ్ళబ్రష్షుతో నెమ్మదిగా తోమవలెను. ఆ ద్రవం నీటిని తనలో కలుపుకొని త్వరగా ఆవిరైపోతుంది. 99 శాతం ఉన్నది దొరికితే మంచిది. ఇంట్లో ఉన్న చేతుల శానిటైజరు దానికి బదులు కాదు, అందులో నీళ్ళూ గ్లిసరినూ కలిసి ఉంటాయి. ఈ పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గర పొయ్యిగాని, దేవుని దీపంగాని, అగరొత్తిగాని ఉండరాదు.

సర్వో చిన్న పెట్టె. అడుగున నాలుగు సన్నని మేకుమరలుంటాయి. అవి తీస్తే లోపలి పలక, చిన్న మోటారు కనిపిస్తాయి. పైమూత తీస్తే పళ్ళచక్రాలు వరుసగా ఉంటాయి. ఏ చక్రం ఏ వరుసలో ఉన్నదో చూచుకోకుండా ఊడదీయవద్దు. నీరు చేరిన సర్వోకు గుర్తు ఏమిటంటే, చలిజ్వరం వచ్చినవాడిలాగా ఊరికే వణుకుతూ ఉంటుంది. కడిగి ఆరబెట్టి, చక్రాలకు కొద్దిగా గ్రీజు పెడితే సగానికి సగం కోలుకొంటాయి. కోలుకోకపోతే మార్చవలసిందే. స్పీడు కంట్రోలరులో మాత్రం చాలావాటికి పైన ప్లాస్టిక్కు తొడుగు బిగిసి ఉంటుంది, లోపల చేరిన నీరు త్వరగా బయటికి రాదు. తొడుగును జాగ్రత్తగా కోసి తీసి, కడిగి, ఆరిన తరువాత కొత్త తొడుగు వేయవలెను. దీని విషయంలోనే అందరూ తొందరపడతారు, ఇదే అందరి దగ్గరా పొగవస్తుంది.

మోటారుకు నీళ్ళంటే అంత భయం లేదు. కార్బను బ్రష్షులు లేని కొత్తరకం మోటార్లు మంచినీటిలో తడిసినా తిరుగుతాయి. వాటి బలహీనత బేరింగులే. రెండు రోజులు వదిలివేస్తే తుప్పుపట్టి కీచుమంటాయి. కనుక ఆరగానే చుక్క నూనె వేయండి. ఇక్కడ చాలామంది డబ్ల్యుడి-40 చల్లి పని అయిపోయిందనుకొంటారు. అది మంచి వస్తువే. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో ఒక చిన్న రసాయనాల కంపెనీవారు నీటిని తోసివేసే మందుకోసం ప్రయత్నిస్తూ నలభయ్యవసారికి సాధించారట, అందుకే పేరులో ఆ 40. మొదట అట్లాస్ క్షిపణుల పైరేకు తుప్పుపట్టకుండా వాడారు. అయితే దాని పని నీటిని తోలడం. చల్లి, తుడిచి, ఆ తరువాత బేరింగుకు అసలు నూనె వేయవలసిందే.

ఆరబెట్టడం దగ్గర రెండు దురభిప్రాయాలున్నాయి. ఒకటి బియ్యం. ఫోను తడిసినా, గడియారం తడిసినా మన ఇళ్ళలో బియ్యం డబ్బాలో గుచ్చిపెడతారు. బియ్యం తీసుకొనే తడి తక్కువ, ఇచ్చే పిండిదుమ్ము ఎక్కువ. 2024లో ఆపిల్ కంపెనీవారు కూడా తమ ఫోనులను బియ్యంలో పెట్టవద్దని చెప్పారు. రెండవది మండుటెండ. వైశాఖమాసపు మేడమీద ప్లాస్టిక్కు పడవ వంకరపోతుంది, చెక్కపడవ అతుకులు విచ్చుకొంటాయి. సామానునంతా విప్పి, పాత గుడ్డమీద పరిచి, ఫ్యాను కింద రెండు రోజులు ఉంచండి. అంతకంటె గొప్ప యంత్రం అక్కరలేదు. కొత్త చెప్పుల డబ్బాలలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచుకొన్నవారైతే, చివరి రోజున ఆ పొట్లాలతో కలిపి మూతగట్టి డబ్బాలో పెట్టవచ్చును. చెక్కపడవ డొల్లను మాత్రం నీడలో, మూత తీసి, వారమైనా ఆరనివ్వండి. ఉబ్బిన చెక్క నిదానంగా తగ్గితేనే పాత ఆకారానికి వస్తుంది. తరువాత లోపలివైపుకూడా వార్నీషుగాని ఎపాక్సీగాని పూయాలి. అన్నయ్య పైవైపు మూడు పూతలు వేశాడు, లోపల ఒక్కటీ వేయలేదు. అంతటి పనివాడు కూడా నీరు లోపలికి రాదని నమ్మాడు.

అన్నీ ఆరిన తరువాత ఒక్కసారిగా బిగించి స్విచ్చి వేయకండి. ముందు రిసీవరుకు సర్వోను మాత్రమే తగిలించి, మామూలు సెల్లులు నాలుగు పట్టే పెట్టెతో నడిపి చూడండి. చుక్కాని ఇటూ అటూ చెప్పినట్టు తిరిగితే ఆ రెండూ బ్రతికినట్లే. తరువాత కంట్రోలరు, మోటారు తగిలించి, ప్రొపెల్లరుకు వేళ్ళు దూరంగా ఉంచి, తక్కువ వేగంతో కొద్దిసేపు తిప్పి ఆపి, కంట్రోలరును తాకి చూడండి. ఊరికే తిరిగినప్పుడే వేడెక్కితే అది నమ్మదగింది కాదు.

ఇంతకూ పడవలోకి నీరు ఎట్లా వచ్చింది? ఇది తేల్చుకోకుండా మళ్ళీ నీళ్ళలో వదిలితే మళ్ళీ ఇదే కథ. సామానంతా తీసిన డొల్లలో న్యూస్‌పేపరు ముక్కలు అక్కడక్కడ అంటించి, సామాను బరువుకు సరిపడా రాళ్ళో గులకలో పెట్టి, బట్టలుతికే టబ్బులో పావుగంట తేలనివ్వండి. ఏ ముక్క ముందు తడిస్తే దొంగదారి అక్కడ. తరచుగా అది మోటారునుంచి ప్రొపెల్లరుదాకా పోయే కడ్డీ తిరిగే గొట్టం దగ్గర ఉంటుంది. ఆ గొట్టంలో గ్రీజు నిండుగా ఉంటేనే నీరు పైకి ఎక్కదు. గ్రీజు ఎండితే అదే నీళ్ళకు రాజమార్గం. ఆడిన ప్రతిసారీ కడ్డీని తీసి తుడిచి కొత్త గ్రీజు పెట్టవలెను. చుక్కాని కడ్డీ బయటికి పోయే కన్నం దగ్గర ముడతల రబ్బరు తొడుగు ఉంటుంది, అది పగిలిందేమో చూడండి. వేగపు పడవలలో మోటారును చల్లబరచడానికి బయటి నీటిని సన్నని గొట్టంతో లోపలికి తెచ్చి తిప్పి పంపుతారు. ఆ గొట్టం ఊడితే పడవ తన నీటిని తానే తోడుకొని మునుగుతుంది. బరంపురం పడవకు జరిగింది ఇదేనని తరువాత తేలింది. గొట్టం కొసన చిన్న తీగచుట్టు బిగించి ఉంటే చిలికాకు అంత బలి అయ్యేది కాదు. మూత అంచుకు ప్రతిసారీ టేపు అంటించడం అలవాటు చేసుకోవలెను.

మన తూర్పుతీరంలో మాసూలా పడవలని ఉండేవి. మద్రాసుకు రేవు కట్టకముందు ఓడలోని జనం పెద్ద అలలను దాటి ఒడ్డుకు చేరింది వాటిలోనే. మేకు అనేది లేకుండా పలకలను కొబ్బరిపీచు తాటితో కుట్టిన పడవలవి. అతుకులనుంచి నీరు ఊరుతూనే ఉండేది, పడవవారు తోడిపోస్తూనే ఉండేవారు. నీరు రాదని వారు ఏనాడూ అనుకోలేదు, వచ్చినా మునగకుండా చూచుకొన్నారు. బొమ్మపడవకూ ఆ బుద్ధే కావలెను. ముందువైపు, వెనకవైపు ఖాళీలలో నీరు పీల్చని నురుగుదిమ్మెలు గాని, థర్మోకోల్ ముక్కలు గాని కూరండి. లీటరు పరిమాణం గల దిమ్మె ఇంచుమించు కిలో బరువును నీటిలో ఎత్తి పట్టుకొంటుంది. పడవ అంతా కలిసి 1.5 కిలోలైతే లీటరున్నర దిమ్మెతో, లోపలంతా నీరు నిండినా అది తేలుతుంది. పెట్రోలుతో నడిచే పడవలో థర్మోకోల్ వద్దు, పెట్రోలు దానిని కరిగించివేస్తుంది.

రిసీవరును పడవ అడుగున కాకుండా పైగా అమర్చి, దాని తీగ కొసను నీటిమట్టానికి పైన నిలపవలెను. ఇప్పటి రిమోటులు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు నీటిని దాటి పోలేవు. సంకేతం తెగినప్పుడు మోటారు దానంతట ఆగేటట్లు చేసే సదుపాయం చాలా రిమోటులలో ఉంటుంది, దానిని మొదటిరోజే సరిచేసుకోండి. రిసీవరుకు పిల్లల బుడగ తొడిగి కొసన ముడివేయడం పాత చిట్కా. పనిచేస్తుంది, కాని లోపల చెమ్మ పట్టిందంటే బయటికి పోదు, ఆట అయిన ప్రతిసారీ విప్పవలెను. పచ్చపలకమీద పూసే అక్రిలిక్ వార్నీషు అంతకంటె మేలు. తీగలు తగిలించే చోట, సాకెట్లలో తప్ప, పూయవచ్చును. సాకెట్లకు సిలికోను గ్రీజు కొద్దిగా చాలు. ఇక్కడ ఒక జాగ్రత్త. స్నానాలగది పలకలకు వాడే సిలికోను ట్యూబులలో కొన్ని వెనిగరు వాసన కొడతాయి. ఆ పుల్లని ఆవిరి రాగిని తింటుంది. అవి రేడియో సామాను దగ్గరికి రానివ్వకండి.

రేడియోతో పడవను నడిపించడం నిన్నమొన్నటి ఆట కాదు. 1898లోనే నికొలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ళతొట్టిలో ఇట్లాంటి పడవను జనానికి చూపించాడు. ఆ ఏడాది నవంబరు 8న పేటెంటు వచ్చింది, సంఖ్య 613,809. అది నాలుగు గోడలమధ్య తొట్టి. మునిగినా చెయ్యి పెట్టి తీసుకోవచ్చును. మన పిల్లలు ఆడేది చెరువులలో, సరస్సులలో. అందుకే ఆ ఉత్తరంలో బ్యాటరీ తరువాత మమ్మల్ని ఎక్కువ కలతపెట్టిన మాట, పిల్లవాడు మొలలోతు నీళ్ళలోకి దిగాడన్నది.

చిలికా లోతు తక్కువ సరస్సే, కాని అడుగున బురద ఉంటుంది. చెరువులలో ఇసుకకోసం, మట్టికోసం తవ్విన గోతులు పైకి కనిపించవు. మొలలోతు దగ్గర ఇంకొక అడుగు వేస్తే మనిషిలోతు. గుర్రపుడెక్క వేళ్ళు కాళ్ళకు చుట్టుకొంటే పెద్ద ఈతగాళ్ళే తడబడతారు. పడవ ఎంత ఖరీదైనదైనా, ఎవరు చేసినదైనా, దానికోసం పిల్లవాడుగాని పెద్దవాడుగాని నీళ్ళలోకి దిగరాదు. ఈ మాట పడవ కొన్నరోజే, పెట్టె విప్పకముందే చెప్పవలెను. మునిగిన క్షణాన చెబితే పిల్లవాడి చెవికి ఎక్కదు. ఒడ్డునుంచి తీసే ఉపాయాలు ముందే సంచిలో పెట్టుకోండి. గట్టి గాలపు దారం నలభై యాభై గజాలు, దాని కొసకు కట్టిన టెన్నిస్ బంతి. తేలుతున్న పడవకు అవతల బంతి పడేటట్లు విసిరి, దారాన్ని పడవకు తగిలించి మెల్లగా లాగుకోవచ్చును. గాలి ఒడ్డువైపు వీచే చోట నిలబడి ఆడుకొంటే, ఆగిపోయిన పడవను గాలే తెచ్చి ఇస్తుంది. నురుగుదిమ్మె కూరిన పడవ అయితేనే ఈ ఉపాయాలన్నీ. మునిగినదానికి బంతి ఏం చేస్తుంది? పడవ అడుగున చెరగని సిరాతో ఫోను నంబరు వ్రాసి ఉంచితే, రేపు ఎవరికి దొరికినా పిలుస్తారు. అన్నీ తప్పితే పడవవారిని అడిగి, వారికి ఇవ్వవలసింది ఇచ్చి, వారిచేత తెప్పించుకోవలెను. రంభలో ఆనాడు వలలవారు డబ్బు తీసుకోలేదట. పిల్లవాడిచేత మాత్రం, ఇక నీళ్ళలో దిగనని చెప్పించుకొన్నారట.

ఈ సంచిక అచ్చుకు పోయేముందు ఆ సోదరి మళ్ళీ ఫోను చేశారు. ఎండలో ఆరి ఉప్పు తేరిన సామానును తిరిగి మంచినీళ్ళలో నానబెట్టి కడిగారట, రెండు రోజులు ఫ్యాను కింద పెట్టారట. రిసీవరు పనిచేసింది. సర్వో మొదట వణికి, గ్రీజు పెట్టిన తరువాత కుదుటపడింది. మోటారు తిరుగుతున్నది. స్పీడు కంట్రోలరు బ్రతకలేదు. బ్యాటరీ మూడవనాటికి ఇసుకకుండలో ఉబ్బి కనిపించిందట. దానిని బరంపురంలో పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకొనేవారికి అప్పగించి వచ్చారు. కొత్తవి రెండూ కొనడానికి దసరాదాకా ఆగమన్నారట. ఈలోగా అబ్బాయి టబ్బులో కాగితం ముక్కల పరీక్ష చేస్తూ, ఇల్లంతా తడిపి పెడుతున్నాడట. అన్నం మాత్రం తింటున్నాడు.